గుడి అందం ఎవరి చేతిది?

1858లో ఫ్రాన్స్‌లోని లూర్దు గుహ దగ్గర దేవమాత దర్శనాలు కలిగినప్పుడు బెర్నదెత్తుకి 14 ఏళ్లు. ఆ తర్వాత లియోన్ శిల్పి ఫాబిష్ ఆ పిల్లని అన్నీ అడిగి తెలుసుకుని, తెల్ల పాలరాతితో విగ్రహం చెక్కాడు. 1864లో దాన్ని ఆ గుహలోనే నిలబెట్టారు. తెల్లటి వస్త్రం, నీలం నడికట్టు, పాదాల మీద పసుప్పచ్చ గులాబీలు. ప్రపంచంలో ఎక్కడ లూర్దుమాతని చూసినా చాలావరకు మనం చూస్తున్నది ఆ విగ్రహపు నకలునే. బెర్నదెత్తుకి మాత్రం అది నచ్చలేదు. తను చూసినావిడ ఇలా లేదని చెప్పేసింది. తనకి కనిపించింది తనంతే ఉన్న చిన్నపిల్ల అని ఆమె మొదటినుంచీ చెబుతూనే ఉంది. శిల్పి చేతిలోంచి వచ్చింది నిండుగా ఎదిగిన రాణిగారు.

ఈ సంగతి తెలిశాక నాకు విగ్రహాల మీద గౌరవం ఇంకా పెరిగింది. పోలిక కుదరని విగ్రహం ముందు కోట్లమంది మోకరించారు, వాళ్ల మొర ఎక్కడికి చేరాలో అక్కడికే చేరింది. 787లో రెండో నికేయ మహాసభ తేల్చిన సంగతి కూడా ఇదే కదా: పటానికి చేసే గౌరవం పటంలో ఉన్నవారికి చెందుతుంది. ఆ మాట అక్కడ పడకపోయుంటే మన గుళ్లలో గోడలు బోసిగా ఉండేవి.

మా గోదావరి జిల్లాల వాళ్లకి లూర్దుమాత అంటే గుణదల. 1924లో ఫాదర్ అర్లాటి అక్కడ కొండ మీద విగ్రహం పెట్టినప్పటినుంచీ ఫిబ్రవరి పండక్కి భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి జనం వెళ్తూనే ఉన్నారు. మార్చి వచ్చిందంటే దేవరపల్లి పక్కన గౌరీపట్నంలో నిర్మలగిరి పండగ. రెండు చోట్లా కొట్లలో అమ్మే మాతల్ని చూడాలి మీరు. ప్లాస్టిక్ మాత, తల చుట్టూ గిర్రున తిరిగే లైట్లు, మీట నొక్కితే మరియమ్మకి చెప్పే మంగళవార్త జపం. హైదరాబాదులో నాలుగు ఆర్ట్ పుస్తకాలు చదివిన మా స్నేహితులు వీటిని చూసి నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆ మాత ఇంటికొచ్చాక జరిగేది నాకు తెలుసు. గూట్లో పెడతారు. సాయంత్రం కాగానే కనకాంబరాలో మల్లెలో మాల కట్టి వేస్తారు. పెద్ద విగ్రహమైతే పండక్కి పట్టుచీర కడతారు, కుచ్చిళ్లు సరిగా రాలేదని పక్కింటావిడ వచ్చి మళ్లీ సర్దుతుంది. ఫ్యాక్టరీలో వేల లెక్కన పోతపోసిన బొమ్మ అక్కడికొచ్చేసరికి ఆ ఇంటి మనిషి అయిపోతుంది.

కాబట్టి కొనుక్కొచ్చిన వస్తువు మీద నాకు కోపం లేదు. కొనేసి చేతులు దులుపుకోవడం మీదే నా గొడవంతా. కథోలిక సంప్రదాయంలో అందం ప్రార్థనకి బయట తగిలించిన తోరణం కాదు, ప్రార్థనలో భాగమే అని నమ్మేవాణ్ణి నేను. ఆ అందం తయారుచేసే పని కూడా ప్రార్థనే. అది మనం చేయడం మానేసి గుత్తకిచ్చేస్తే, మనకి మిగిలేది కుర్చీలో కూర్చుని చూడ్డం. మా డెల్టాలో ఈమధ్య లేస్తున్న గుళ్లలో నాకు కనిపిస్తున్నది అదే. పెంకుటి కప్పు పోయి స్లాబు వచ్చింది, సున్నం గోడ పోయి టైల్స్ వచ్చాయి, పూజ జరిగే పీఠం వెనక గోడకి గ్రానైటు. శుభ్రంగా ఉంది, కాదనను. వర్షానికి కారదు. కాని ఆ గుళ్లో ఊరివాళ్ల చెయ్యి పడ్డ వస్తువు ఏదో చూపించమంటే దాతల పేర్ల పలక చూపిస్తారు.

మా మేనత్త లేసు అల్లుతుంది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఇది పెద్ద విశేషం కాదు, ఒకప్పుడు ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్ల చేతిలో దారం ఉండా, కొక్కెం సూదీ ఉండేవి. 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన పని ఇది. నేర్పినవాళ్లు ప్రొటెస్టెంట్లు, విగ్రహాలూ పీఠాలూ అంటే గిట్టనివాళ్లు. వాళ్ల పని చివరికి మా కథోలిక పీఠాల మీదికే ఎక్కింది. దేవుడికి హాస్యం బాగా తెలుసు.

అత్త దారం ఉండ దొర్లిపోకుండా స్టీలు గిన్నెలో పెట్టుకుంటుంది. కూర తరిగిన చేత్తో ముట్టుకోదు, పసుపు అంటితే తెల్లదారం ఇక పనికిరాదు. సబ్బుతో కడుక్కుని, చెంగుకి తుడుచుకుని, తడి పూర్తిగా ఆరాకే సూది పడుతుంది. పీఠం గుడ్డ అంచుకి గళ్ల అల్లిక వేస్తుంది. గడి నింపితే తెలుపు, వదిలేస్తే ఖాళీ. ఏ బొమ్మైనా ముందు మనవడి లెక్కల నోటుబుక్కులో గళ్లు నింపి చూసుకుని, ఆ కాగితం మోకాలి కింద పెట్టుకుని అల్లుతుంది. ఒకసారి ఊరి పండక్కి కొత్త గుడ్డ కావాలని, గోధుమ కంకులూ ద్రాక్షగుత్తులూ వేయమని ఫాదర్‌గారు ఒక పాత పూజ పుస్తకంలోని బొమ్మ చూపించారు. ద్రాక్ష తేలిగ్గానే వచ్చింది. గోధుమ దగ్గర అత్త చెయ్యి ఆగింది. ఆవిడ పుట్టి బుద్ధెరిగి గోధుమ చేను చూళ్లేదు. బొమ్మలో కంకి మీసాలు పైకెత్తి నిటారుగా నిలబడి ఉంది. అత్తకి తెలిసిన కంకి పాలుపోసుకుని, గింజ గట్టిపడి, బరువుకి తల వంచుతుంది. అల్లింది, విప్పింది, మళ్లీ అల్లింది. చివరికి అంచు పొడుగునా వంగిన వరికంకులు వచ్చాయి.

"ఇది గోధుమేనా అమ్మా?" అనడిగారు ఫాదర్‌గారు.

"వరండి."

ఆయన గుడ్డని అటూ ఇటూ తిప్పి చూసి, "పరవండి" అన్నారు.

పూజలో వాడే అప్పం గోధుమదే కావాలని తిరుసభ (కథోలిక సంఘం) చట్టం. వరిపిండి పనికిరాదు. ఆ నియమంతో నాకు పేచీ లేదు, యేసు శిష్యులతో చేసిన కడరా భోజనంతో తెగని లంకె అది. కాని ఎక్కడినుంచో వచ్చిన ఆ గోధుమ అప్పం మా ఊళ్లో వరికంకుల మీద కూర్చుంటోంది. దేవుడు మనిషిగా పుట్టి ఒక ఊరివాడయ్యాడన్న సంగతి మీద నేను చిన్నప్పటినుంచీ విన్న ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఆ అంచు ఒక ఎత్తు.

13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వీనాసు అందానికి మూడు గుణాలు చెప్పాడు: ఏ లోటూ లేని నిండుదనం, భాగాల మధ్య పొందిక, కాంతి. అత్తకి ఆయన పేరు తెలియదు. కాని అల్లిన గుడ్డని ఎండకెత్తి చూసేటప్పుడు ఆవిడ చూసేవి అవే. ఏ గడి తప్పిందా, రెండు కంకుల మధ్య దూరం సమంగా ఉందా, వెలుగు ఖాళీల్లోంచి శుభ్రంగా వస్తోందా. గడి తప్పితే కొన్ని వరసల తర్వాతగానీ తెలీదు. తెలిశాక విప్పాల్సిందే. "పీఠం వెనకవైపు అంచు అది, ఎవరికీ కనపడదుగా" అంటే వినదు. "అల్లుతూ జపమాల చెప్పుకుంటావా అత్తా?" అనడిగాను ఒకసారి, ఏదో గొప్ప జవాబొస్తుందని. "గళ్లు లెక్కపెట్టాలా, మంగళవార్తలు లెక్కపెట్టాలా!" అని కసిరింది. అది ప్రార్థన అని నేనంటే ఆవిడ ఒప్పుకోదు. మనసు ఇటూ అటూ పోకుండా, చూసేవాళ్లు లేకపోయినా తప్పు ఉండనివ్వకుండా, గంటల తరబడి ఒక్క పని మీద కూర్చోవడం. తపస్సుకాలంలో నలభై రోజులూ ఫాదర్లు మా చేత చేయించాలని చూసేది సరిగ్గా ఇదే, మేం చేయలేకపోయేదీ ఇదే.

1999లో ఈస్టరు రోజున రెండో జాన్ పాల్ పోపుగారు కళాకారులకి ఒక లేఖ రాశారు. కళాకారుడన్న పిలుపు అందరిదీ కాకపోయినా, తన జీవితాన్ని ఒక కళాఖండంలా దిద్దుకునే పని ప్రతి మనిషికీ ఉంది అన్నారందులో. మంచి మాట. కాని కళాకారులు ఒకవైపు, బతుకు దిద్దుకునే మామూలు విశ్వాసులు ఇంకోవైపు అని మధ్యలో గీత గీస్తే, మా అత్త సరిగ్గా ఆ గీత మీద కూర్చుని అల్లుతోంది. ఆవిడ పేరు ఏ గుడ్డ మీదా ఉండదు. కళాకారిణి అంటే నవ్వుతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. "ఈ అందాలకి పెట్టే డబ్బు పేదలకి పెట్టొచ్చుగా" అని అడిగే కుర్రాళ్లు ప్రతి విచారణలోనూ (ఒక ఫాదర్‌గారి కింద ఉండే సంఘంలోనూ) ఉంటారు, ఉండాలి కూడా. వాళ్ల ప్రశ్న మా సంఘంలో పుట్టింది కాదు, 900 ఏళ్ల పాతది. పారిస్ పక్కన సాన్-దెని మఠాధిపతి సుజేరు బంగారం, రత్నాలు, రంగుటద్దాలతో గుడిని తిరగకట్టించి 1144లో ప్రతిష్ఠ చేయించాడు. అంతకు 20 ఏళ్ల ముందే పునీత బెర్నార్దు ఇలాంటి ఆడంబరం మీద నిప్పులు కక్కాడు. గుడి గోడలు మెరిసిపోతున్నాయి, గుడి పేదలు అలమటిస్తున్నారు, రాళ్లకి బంగారం తొడిగి కన్నబిడ్డల్ని బట్టల్లేకుండా వదిలేస్తున్నారు అని ఆయన గొడవ. చదివితే ఇప్పటికీ చురుక్కుమంటుంది. అయితే అదే చోట బెర్నార్దు ఇంకో మాట కూడా అన్నాడు. మఠంలో సన్యాసులకి ఇవి అక్కర్లేదు గానీ, ఊళ్లలో పీఠాధిపతులు (బిషప్పులు) వాడుకుంటే తప్పులేదట, ఎందుకంటే మామూలు జనానికి ఆత్మ సంబంధమైన వాటితో భక్తి కదలదు, కంటికి ఇంపుగా ఏదో కనపడాలి. అంతకు 500 ఏళ్ల ముందు గ్రెగోరీ పోపుగారు మార్సెయ్ పీఠాధిపతికి ఉత్తరం రాస్తూ, చదువు రానివాళ్లు గోడల మీద చూసి తెలుసుకోవడానికే గుళ్లలో బొమ్మలు అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే, బొమ్మలు పగలగొట్టొద్దని చెప్పడానికే రాశారు. కాని అప్పటినుంచీ అందం అంటే చదువు రానివాళ్లకిచ్చే చేతికర్ర అనే అలవాటు మన పెద్దల మాటల్లో ఉండిపోయింది.

మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. యేసు సిలువ మోసిన దారిని చెప్పే సిలువమార్గం 14 స్థలాలూ వరసగా చెప్పగలదు, ఏ స్థలంలో ఏ పాట పాడాలో ఉపదేశిగారికి అందించేది. కథ తెలుసుకోవడానికి ఆవిడకి పటంతో పని లేదు. అయినా ఆరో స్థలం దగ్గర, వెరోనికమ్మ యేసు ముఖం తుడిచే పటం ముందు, అందరూ ఏడుకి కదిలిపోయినా ఆవిడ కదిలేది కాదు. చూసేది. తెలిసిన కథని మళ్లీ చూడాలనిపించడాన్ని చదువు రాకపోవడం అంటారా? అలాగైతే సిస్టీన్ చాపెల్లో తల వెనక్కి వాల్చి నిలబడే పండితులంతా ఏమిటి మరి?

బేతనీలో మరియ యేసు పాదాల మీద పరిమళ తైలం పోసిన కథ ఖర్చు సమర్థించేవాళ్లకి కంఠతా వచ్చు. 300 దేనారాల తైలం, కూలివాడికి దాదాపు ఏడాది సంపాదన. పేదలకివ్వొచ్చుగా అన్న శిష్యుడు యూదా నోరు యేసే మూయించాడు కదా అంటారు. అంటారుగానీ, ఆ కథలో వాళ్లు చూడనిది ఒకటుంది. ఆ తైలం ఆవిడది. తన చేత్తో పోసింది, తన జుట్టుతో తుడిచింది. ఇంటికింతని చందా రాయించి, ఇవ్వనివాళ్ల పేర్లు పూజ తర్వాత చదివించి కొన్న తైలం కాదు. ఇలాంటి పేర్లు చదవడం నేను ఒక గుళ్లో నా చెవులారా విన్నాను. అక్కడ వేసిన పాలరాయి మీద కాళ్లు పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

పేదల పక్షాన మాట్లాడే కుర్రాళ్లతో నేను కలిసేది ఇక్కడే. అందం మానేసి డబ్బు పంచమని వాళ్లంటారు. అందం చేసేవాళ్లలో పేదలున్నారు, వాళ్ల కూలి మాటేమిటని నేనంటాను. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ నరసాపురం వైపు లేసు ఆడవాళ్ల మధ్య తిరిగి 1982లో పుస్తకం వేసింది. ఇల్లాళ్లు తీరిక వేళల్లో కాలక్షేపానికి చేసే పని అని పేరు పెట్టడం వల్లే వాళ్లకి అంత తక్కువ ముట్టజెప్పగలుగుతున్నారని ఆమె చూపించింది. పువ్వులు అల్లేవాళ్లు ఒకరు, వాటిని కలిపి అతుకుపని చేసేవాళ్లు ఒకరు, లాభం ఇంకెవరిదో. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కాని గుళ్లో సంగతి చూడండి. టైల్స్ వేసేవాడికి రోజు కూలి, పైన టీ, భోజనం. పీఠం గుడ్డ అల్లినావిడకి పండగ రోజు మైకులో ఒక "ప్రత్యేక కృతజ్ఞతలు". ఆ పని కాలక్షేపం అన్న, లేసు కొనుక్కెళ్లే బయారుకీ, సేవ అన్న మనకీ తేడా ఏముంది? అత్త డబ్బు అడగదు, ఇస్తే దేవుడి పనికి డబ్బేమిటని తిట్టినా తిడుతుంది. ఇవ్వాలా వద్దా అన్నది ఆవిడ చెప్పాలి, ఆవిడ మొహమాటాన్ని మనం వాడుకోకూడదు.

క్రిస్మసు పాక గురించి ఎక్కువ చెప్పను. 1223లో అసిస్సిపుర ఫ్రాన్సిస్ గ్రేచో ఊళ్లో గడ్డి పరిపించి, ఎద్దునీ గాడిదనీ తెప్పించి ఆ రాత్రి పూజ చేయించాడు. ఆ ఊరి గడ్డి, ఆ ఊరి ఎద్దు. డెల్టాలో డిసెంబరు అంటే సార్వా కోతలైపోయి కొత్తగడ్డి వాసనేసే రోజులు. కాలవ మట్టితో గేదెని చేసి, పళ్లెంలో వడ్లు మొలకెత్తించి చేను చేసి, తాటాకు పాక వేసేవాళ్లు మా పిల్లలు. చెరువు కింద అద్దం ముక్క, దాని మీద బాతులు. బెత్లెహేములో బాతులున్నాయా అని ఎవరూ అడగలేదు. ఇప్పుడు థర్మోకోల్ సెట్టు అద్దెకి దొరుకుతోంది. పాటలదీ అదే దారి. హార్మోనియం తాతగారు పోయాక పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ వచ్చింది. ట్రాక్ ముసలివాళ్ల శ్రుతి కోసం దిగదు, ఊపిరి తీసుకునే దాకా ఆగదు. అందుకని వాళ్లు నోరు కట్టుకుని కూర్చున్నారు.

మన చేతులు అంటున్నాను కదా, ఆ "మన" అన్నది ఎవరు? డెల్టాలో ఈ ప్రశ్న తప్పించుకుని అందం గురించి మాట్లాడ్డం కుదరదు.

రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న పూజ పద్ధతుల మీద వెలువరించిన అర్చన సంవిధానంలో, తిరుసభ ఏ ఒక్క కళారీతినీ తన సొంతమని పట్టుకోలేదు అని రాసుకుంది. ఆడంబరం కంటే ఉదాత్తమైన సౌందర్యం చూడండి అంది. ఆయా జాతుల సంగీతానికి చోటు పెట్టమంది. దాని వెనకే 1969లో మన దేశం కోసం రోమ్ 12 మార్పులకి అనుమతిచ్చింది: నేల మీద కూర్చోవడం, చెప్పులు విడవడం, పంచాంగ ప్రణామం, కొవ్వొత్తుల బదులు నూనె దీపాలు, హారతి, భుజాన శాలువా. బెంగళూరులో ఫాదర్ అమలోర్పవదాస్ నడిపిన కేంద్రం నుంచి ఇవన్నీ మా దాకా వచ్చాయి. కాగితం మీద చూస్తే నా వాదనకి ఇంతకంటే ఏం కావాలి?

కాని మావైపు కథోలికుల్లో ఎక్కువమందిమి మాల, మాదిగ పేటల నుంచి వచ్చినవాళ్లం. ఇత్తడి కుందులూ హారతి పళ్లెమూ చూసి మా పెద్దవాళ్లు కొందరన్న మాట నాకు గుర్తుంది: "మనల్ని గడప తొక్కనివ్వని గుళ్లోది ఇక్కడికీ వచ్చిందా?" భారతీయ సంస్కృతి పేరుతో వచ్చినదాంట్లో ఎక్కువ భాగం అగ్రకులాల ఆచారమే. మా పేటల్లో అందం అనుకున్నవి ఆ జాబితాలో కనపడవు. పాత గుళ్ల కోసు తోరణాలూ గంట గోపురమూ విదేశీ వాసన అని చదువుకున్నవాళ్లు విసుక్కుంటారు. మా తాతలకి అవి ఫ్రాన్సూ కాదు, ఇటలీ కాదు. ముందు ద్వారం గుండా తలెత్తుకుని నడిచి లోపలికెళ్లిన మొదటి పెద్ద భవనం అది. ఆ తోరణం వాళ్లకి ఎంత అందంగా కనపడి ఉండాలి!

అలాగని మన కళ అంటే డప్పు ఒక్కటే అని దళితుల చేతిలో పెట్టడం కూడా నాకు నచ్చదు. గుర్రం జాషువా క్రీస్తు కథని పద్యంలో చెప్పి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తీసుకున్నాడు. ఆ పద్యం నీది కాదన్నవాళ్ల ముందే దాన్ని తనది చేసుకున్నాడు. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోనిగారు దళితుల్లోంచి మొదటి కార్డినల్ అయినప్పుడు మా పేటలో టపాకాయలు కాల్చారు. ఆ ఎర్ర టోపీ రోము సొత్తా, మాదా? ఎవరికేది అందమో బయటివాళ్లు నిర్ణయించే రోజులు పోవాలి, వాళ్లు బ్రాహ్మణ పద్ధతి తెచ్చినా సరే, డప్పు పద్ధతి తెచ్చినా సరే.

డప్పు గుళ్లోకి రావాలా అన్న గొడవ మా దగ్గర పెద్దదే అయింది. కుర్రాళ్లు కావాలన్నారు. పెద్దవాళ్లలో ఒకాయన లేచి, "మా నాయన మెడకి తగిలించుకుని చావులకి కొట్టాడు దాన్ని. కొట్టనంటే తన్నారు. దాన్ని తెచ్చి పీఠం ముందు పెడతారా?" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయన బతికున్నంత కాలం డప్పు రాలేదు. అది సరైనదే అంటాను నేను. ఆ బరువు మెడ మీద మోసినవాళ్ల మాటకి అర్చన పండితుల మాట కంటే విలువ ఎక్కువ.

ఆయన పోయిన తర్వాత, ఒక ఏడు ఈస్టరు ముందు రాత్రి పాస్కా జాగరణకి, ఆయన మనవడే తెచ్చాడు. పాస్కా జాగరణ గుడి బయట చీకట్లో మొదలవుతుంది. కొత్త నిప్పు రాజేసి ఫాదర్‌గారు ఆశీర్వదిస్తారు, దాంతో పాస్కా వత్తి వెలిగిస్తారు. డప్పు కొట్టాలంటే ముందు కాచాలి, సెగ తగిలి తోలు బిగిస్తేనే పలుకుతుంది, చల్లబడితే బుడుగు బుడుగుమంటుంది. మామూలుగా గడ్డి మంట వేస్తారు. ఆ రాత్రి కుర్రాళ్లు ఎవర్నీ అడగలేదు. ఆశీర్వదించిన నిప్పు చుట్టూ చేరి, డప్పుల్ని మంట వైపు తిప్పి, వేళ్లతో తట్టి వింటూ, మళ్లీ తిప్పారు. వత్తి పట్టుకున్న ఫాదర్‌గారు ఆగారు. ఎవరో "ఇంకో నిమిషం ఫాదర్" అన్నారు. పూజ పుస్తకంలో ఆ నిమిషం లేదు. మహిమ గీతం దగ్గర గంటలు మోగినప్పుడు డప్పులు కూడా లేచాయి. వెనక వరసల్లో ఒక ముసలాయన చెవులు మూసుకోవడం కూడా చూశాను. ఆయన అక్కణ్ణుంచి లేచి వెళ్లలేదు, చెవుల మీంచి చేతులూ తీయలేదు. నాకు ఆ రెండూ న్యాయంగానే కనిపించాయి.

మా విచారణలో ఇప్పుడు కొత్త గుడికి ఎస్టిమేటు నడుస్తోంది. విగ్రహాలు కేటలాగు చూసి బయటినుంచి తెప్పిద్దామన్నారు. రాష్ట్రంలో ఎన్నో కూడళ్లలో నాయకుల విగ్రహాలు కోనసీమ కొత్తపేట శిల్పుల చేతుల్లోంచి వెళ్లాయి, గోదావరి దాటితే కొత్తపేట. 28 ఏళ్లు నిండకుండా 1925లో పోయిన దామెర్ల రామారావు ఈ గోదావరి గట్ల మనుషుల్ని ఎలా చూశాడో రాజమండ్రిలో ఆయన చిత్రశాలకి వెళ్తే తెలుస్తుంది. మనకి మాత్రం సిలువమార్గం అంటే అచ్చు పటాలే కావాలా అన్నాను. కొత్తపేట వెళ్లి అడిగొద్దాం, మాత ముఖం ఎలా ఉండాలో మన ఆడవాళ్లు కూర్చుని శిల్పికి చెప్పాలి, బెర్నదెత్తు మాట ఫాబిష్ విన్నదానికంటే ఇంకాస్త శ్రద్ధగా వినేవాణ్ణి చూద్దాం అన్నాను. దానికి పెద్దగా ఎవరూ అడ్డు చెప్పలేదు. గొడవ ఇంకోచోట వచ్చింది. తలుపులకీ, పీఠం గుడ్డలకీ, పాటగాళ్లకీ వేరే పద్దు పెట్టమన్నాను. "గ్రానైటు కొట్టువాడు బిల్లిస్తాడు, లేసుకి బిల్లెవరిస్తారండీ?" అన్నారు కోశాధికారిగారు. వోచరు రాసి సంతకం పెట్టించుకోండి అన్నాను. "రేటు?" అన్నారు. టైల్స్ మేస్త్రీకి రోజుకెంత ఇస్తున్నారో అంత, అన్నాను. అప్పటిదాకా నాతో ఉన్నవాళ్లలో కూడా సగంమంది అక్కడ ఆగిపోయారు. పైనెల మొదటి ఆదివారానికి వాయిదా వేశారు. ఆ రోజుకి అత్తని కూడా రమ్మన్నాను. ఆవిడ నా వైపు మాట్లాడుతుందన్న నమ్మకం నాకేం లేదు.